తిల్లానా దగ్గర అర సెకను

త్యాగరాజన్‌ను కొసకడై వీధిలో అందరూ సౌండు త్యాగు అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. పాతికేళ్ళ వయసులో భుజాన కెమెరా వేసుకుని పెళ్ళిళ్ళకు తిరిగే రోజుల్లో, పుదుచ్చేరిలో తక్కిన వీడియోవాళ్ళంతా బొమ్మ బాగా వస్తే చాలనుకునేవారు. ఇతను మాత్రం నాదస్వరం దగ్గరొక మైకు, పురోహితుడి దగ్గరొక మైకు పెట్టి, వైర్లను జంపఖానా కింద దాచి, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని తాళి కట్టేదాకా తియ్యకుండా నిలబడేవాడు. క్యాసెట్ వేసుకుని చూసినవాళ్ళు, "మంత్రం అక్షరం అక్షరం వినబడతా ఉండాదే!" అని మురిసిపోయేవారు. ఆ మాట కోసమే అతను బతికాడని చెప్పినా తప్పు లేదు.

అతనిది తాతల నాడు నెల్లూరు వైపునుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంట్లో మాట తెలుగే, తెలుగు చదవడం మాత్రం అతనికీ రాదు, అతని తండ్రికీ రాలేదు. డిస్కుల మీద పేర్లు తమిళంలోనే గుండ్రంగా, అందంగా రాసేవాడు.

యాభై దాటేసరికి పెళ్ళి వీడియోలు కుర్రవాళ్ళ చేతుల్లోకి పోయాయి. త్యాగరాజన్ కొట్లో ముందు భాగంలో ఒక జెరాక్సు మిషను చేరింది. వెనక భాగంలో పాత పని మిగిలింది: నాటి క్యాసెట్లను, నేటి ఫోన్ల వీడియోలను డీవీడీలుగా మార్చి ఇవ్వడం. ఊళ్ళో పెద్దవాళ్ళ ఇళ్ళలో టీవీ కింద డీవీడీ ప్లేయర్ ఇంకా ఉండేది. మనవరాలి పుట్టినరోజు ఫోన్లో చూపిస్తే వాళ్ళకు ఆనేది కాదు. డిస్కు కావాలి. అందుకని పని ఆగలేదు.

ఆ సంవత్సరం తై నెలలో, సంక్రాంతి దాటాక వచ్చే ముహూర్తాల రద్దీ మధ్య, విల్లియనూరు నుంచి విద్య అనే ఆమె ఒక పెన్‌డ్రైవ్ తీసుకుని వచ్చింది. ఆమె భర్త బాలసుబ్రహ్మణ్యానికి అక్కడ ఇనుప సామాన్ల అంగడి. వాళ్ళ కూతురు కీర్తికకు పద్నాలుగేళ్ళు, భరతనాట్యం అరంగేట్రం అప్పుడే అయింది. గురువు ముత్యాల్‌పేటలో నలభై ఏళ్ళుగా పిల్లలకు నాట్యం నేర్పుతున్న మరగతం. విద్య తమ్ముడు తన ఖరీదైన ఫోనును ముందు వరసలో స్టాండు మీద నిలబెట్టి, ఆపకుండా రెండు గంటలూ తీశాడు. వేదిక మధ్యన పాప మాత్రమే నిలువెల్లా కనిపిస్తుంది. ఎడమ పక్కన కూర్చుని చేత్తో తాళాలు మోగిస్తూ జతులు చెప్పిన మరగతం గానీ, పాట పాడినామె గానీ, మృదంగం ఆయన గానీ బొమ్మలో లేరు. వాళ్ళ ధ్వని మాత్రం బ్రహ్మాండంగా పడింది.

"ముప్పై డిస్కులు కావాల అన్నా. చుట్టాలకి, పాప స్కూలుకి, తేరు పండగ కమిటీ వాళ్ళకి," అంది విద్య.

త్యాగరాజన్ ఫైలును కంప్యూటర్లో ఎక్కించి మార్చడానికి పెట్టాడు. పని ముగిశాక తెర మీద పసుపు రంగు త్రికోణం ఒకటి వెలిగింది. బొమ్మ నిడివీ ధ్వని నిడివీ సరిగ్గా ఒకటి కావడం లేదని దాని అర్థం. తేడా అర సెకను కన్నా కాస్త ఎక్కువ. రెండు గంటల వీడియోలో అర సెకను! అతను మొదటి మూడు నిమిషాలు వేసి చూశాడు. పాప అడుగూ తాళమూ కలిసే పడుతున్నాయి. బయట ఎవరో జెరాక్సు కోసం పిలుస్తున్నారు. ఆ త్రికోణం మీద నొక్కి దాన్ని మూసేసి, ముప్పై డిస్కులూ చేసి, ఒక్కొక్క దాని మీద కీర్తిక పేరు రాసి ఇచ్చేశాడు.

పది రోజుల తరువాత విద్య మళ్ళీ వచ్చింది. ముఖం అంత బాగా లేదు.

"అన్నా, మొదట్లో అంతా బాగుండాది. పోను పోను తాళం పాప అడుగుకి వెనకబడతా ఉండాది. ఆఖర్న ఆడే తిల్లానాకి వచ్చేసరికి చూడనే కావడంలా. డిస్కులో ఏమన్నా తప్పుండాదా?"

అప్పుడు కొట్లో ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. అందులో ఒకాయన పాత పెళ్ళి క్యాసెట్టు చేతిలో పట్టుకుని, త్యాగరాజన్ పేరు విని వెతుక్కుంటూ వచ్చినవాడు. త్యాగరాజన్ డిస్కు వేసి మొదలు చూపించాడు. బాగానే ఉంది. తరువాత తిల్లానాకు జరిపాడు. పాప కాలు నేలను తాకిన తరువాత, ఒక రెప్పపాటు ఆగి, తాళం ఖంగుమంది. మళ్ళీ అంతే. మళ్ళీ అంతే.

ఆ క్షణంలో అతనికి పసుపు త్రికోణం గుర్తుకొచ్చింది. వచ్చింది, అది అబద్ధం కాదు. తరువాత ఎన్నిసార్లు తన మనసుకు తాను చెప్పుకోబోయినా, అది గుర్తుకు రాలేదని మాత్రం చెప్పుకోలేకపోయాడు.

"నేను ఆఖరు దాకా చూసినాకనే ఇచ్చినా అమ్మా," అన్నాడు.

చూడలేదు. మూడు నిమిషాలే చూశాడు.

"డిస్కులో తప్పుంటే మొదటినుంచే ఉంటాది గదా. ఇది చూడండి, మొదట్లో కరెక్టుగా ఉండి, పోను పోను లేటవతా ఉండాది. మనిషి అలిసిపోతే ఇట్లనే అవతాది. టీచరమ్మకు వయసెంత ఇప్పుడు?"

"అరవై ఏడు."

"అదే మరి. రెండు గంటలు తాళం పట్టుకోవాలంటే చెయ్యి తట్టుకోవద్దా?"

క్యాసెట్టాయన అవునన్నట్టు తల ఊపాడు. విద్య కాసేపు తెర వైపే చూసి, "పాపం, పెద్దామె. మేమే గమనించలేదేమో," అని వెళ్ళిపోయింది. ఆమె మెట్లు దిగుతుంటే త్యాగరాజన్ మనసులో ఏదో ముల్లులా కదిలింది. క్యాసెట్టాయన తన పెళ్ళి కబుర్లు మొదలుపెట్టాడు. ముల్లు సర్దుకుంది.

ఆ మాట అక్కడితో ఆగలేదు. అరంగేట్రం రోజు హాల్లో కూర్చున్న నూరు మందిలో ఎవరికీ కనబడని తప్పు, డిస్కు వేసుకున్న ముప్పై ఇళ్ళలోనూ కనబడింది. కళ్ళారా చూసినవాళ్ళు కూడా, అప్పుడు మనకు తెలియలేదు గానీ అంటూ డిస్కునే నమ్మారు. వీడియోవాడు కూడా అదే చెప్పాడట, టీచరమ్మ చెయ్యి అలిసిపోయిందట, అని ఒకరికొకరు చెప్పుకున్నారు. మరగతం దగ్గరికి పిల్లల్ని పంపే తల్లులు ఒకరొకరుగా వేరే గురువులను వెతుక్కున్నారు. విద్య కూడా కీర్తికను మార్చింది.

ఇదంతా త్యాగరాజన్‌కు వెంటనే తెలియలేదు. జూలైలో, ఆడి నెల మొదట, సముద్రం ఒడ్డున ఉన్న వీరాంపట్టినం నుంచి చెంగల్రాయన్ వచ్చినప్పుడు కొంత తెలిసింది. తేరు పండగకు తమ వీధి తరఫున పందిరి వేసి, మూడు సాయంత్రాలు పాటలూ నాట్యాలూ ఏర్పాటు చేసే పెద్దమనిషి ఆయన. నోటీసులు జెరాక్సు తీయించుకుంటూ, "ఈసారి మరగతమ్మను పిలవలా త్యాగూ. పదైదేండ్లుగా ఆమె పిల్లలే ఆడతా ఉండ్రి. ఏం చేసేది? డిస్కు చూసినాం గదా. ఆమే క్లాసు నిలిపేసిందంట," అన్నాడు.

త్యాగరాజన్ కాగితాలు సర్దుతూ, "వయసైపోతే అంతే గదా మామా," అన్నాడు.

ఆ మాట తన నోట్లోనుంచి అంత సులువుగా ఎలా వచ్చిందో, తరువాత తలచుకున్నప్పుడల్లా అతనికి ఒళ్ళు చిమచిమలాడేది.

పండగ అయిపోయిన వారానికి, ఒక మధ్యాహ్నం, అతని భార్య కోమల అన్నం తెచ్చింది. అతను వెనక బల్ల దగ్గర తింటుంటే ఆమె ఊసుపోక అక్కడున్న డిస్కుల్లో ఒకటి తీసి కంప్యూటర్లో వేసింది. అది కీర్తిక డిస్కే, ముప్పైతో పాటు కొట్లో ఉంచుకోవడానికి చేసిన కాపీ. కోమలకు నాట్యం గురించి ఏమీ తెలియదు. ముందుకు ముందుకు జరుపుకుంటూ పోయి, తిల్లానా దగ్గర ఆగింది.

"ఇదేంది, ఈ బిడ్డ సలంగై కాలు పడినాక మోగతా ఉండాది?"

"అది టీచరు తాళం లేటు," అన్నాడు త్యాగరాజన్ తల ఎత్తకుండానే.

"తాళం కాదయ్యా. కాలికి కట్టిన సలంగై. కాలు కింద పడతా ఉండాది, సలంగై ఆమీదట మోగతా ఉండాది. టీచరు చెయ్యి లేటైతే బిడ్డ కాలి సలంగై ఎందుకు లేటవతాది?"

త్యాగరాజన్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. లేచి వచ్చి, ఎడమ చేత్తో మౌసు పట్టుకుని వెనక్కి జరిపి మళ్ళీ వేశాడు. కాలు. తరువాత గజ్జె. కాలు. తరువాత గజ్జె. పాప పాదానికి కట్టిన గజ్జె పాప పాదం కన్నా ఆలస్యంగా మోగడానికి ఈ లోకంలో ఒకే ఒక్క కారణం ఉంటుంది. అది ముత్యాల్‌పేటలో లేదు, ఈ బల్ల మీదుంది.

నూరు మైకులు విన్న చెవులు అవి. ఈ పనేమీ తెలియదనుకున్న భార్య అరనిమిషంలో విన్నదాన్ని అవి ఆరు నెలలు వినలేదు. వినలేదా, వినదలుచుకోలేదా? కోమల ముఖంలోకి చూడలేక, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి, కొళాయి కింద చాలాసేపు చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

రెండు రోజులు అతను ఏమీ చేయలేదు. మూడో రోజు మధ్యాహ్నం షట్టరు సగం దించి కూర్చున్నాడు. పెన్‌డ్రైవ్‌లోనుంచి దించుకున్న అసలు ఫైలు ఇంకా కంప్యూటర్లోనే ఉంది. దాన్ని వేసి, నేరుగా తిల్లానాకు పోయాడు. కాలూ, గజ్జే, తాళమూ మూడూ ఒక్క దెబ్బగా పడుతున్నాయి. మరగతం చెయ్యి రెండో గంట ఆఖరున కూడా మొదటి నిమిషంలో ఉన్నంత కచ్చితంగా ఉంది. పాప తడబడబోయిన ఒకచోట ఆ చెయ్యే కాస్త గట్టిగా మోగి, పాపను పట్టుకుని నిలబెట్టింది కూడా. ఆ చోటును అతను మళ్ళీ మళ్ళీ వేసి విన్నాడు.

సరిచేయడం అనుకున్నంత సులువు కాలేదు. ముందు ధ్వని మొత్తాన్ని అర సెకను ముందుకు జరిపి చూశాడు. తిల్లానా కుదిరింది, మొదలు చెడింది. అక్కడ ఇప్పుడు తాళం పాప కన్నా ముందే మోగుతోంది. ఒకేసారి జరిపితే పోయే తప్పు కాదది, నిమిషానికి ఇంత అని పెరుగుతూ పోయిన తప్పు. నెట్లో చదివాడు, తెలిసినవాళ్ళను ఫోన్లో అడిగాడు. చివరికి అర్థమైంది. ఫోను తన వీలును బట్టి, వెలుతురు తగ్గితే సెకనుకు తక్కువ బొమ్మలు, పెరిగితే ఎక్కువ బొమ్మలు తీస్తుంది. డీవీడీలో అలా కుదరదు, సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు, ఎప్పుడూ అంతే. అతని పాత సాఫ్ట్‌వేరు ఫోను బొమ్మలన్నీ ఒకే ఎడంతో ఉన్నాయనుకుని వరసగా పేర్చుకుంటూ పోయింది. దాంతో బొమ్మ వెంట్రుకవాసి వెంట్రుకవాసి చొప్పున ముందుకు జరిగింది. ధ్వని దాని నడకలో అది వచ్చింది. వేరే సాఫ్ట్‌వేరు తెప్పించి, ముందు ఫైలులోని బొమ్మలన్నిటినీ సమానమైన ఎడంతో తిరిగి రాయించి, ధ్వనిని డీవీడీకి కావలసిన కొలతకు మార్చి, అప్పుడు రెంటినీ కలిపి డిస్కు చేశాడు. మూడుసార్లు చెడిపోయింది. నాలుగోసారి మొదలూ, మధ్యా, ఆఖరూ కుదిరాయి. ఈసారి రెండు గంటలూ కూర్చుని చూశాడు, కుర్చీలోనుంచి లేవకుండా. పసుపు త్రికోణం రాలేదు.

ముప్పై కొత్త డిస్కులు చేసి, విద్యకు ఫోను చేసి, ఎవరెవరికి ఇచ్చారో పేర్లు అడిగాడు.

"ఎందుకన్నా?" అంది ఆమె.

"ఆ బ్యాచి డిస్కులు సరి లేవంట అమ్మా. కొన్నాళ్ళకి చెడిపోతాయంట. నేనే మార్చి ఇస్తా," అన్నాడు.

ఆ అబద్ధం నోటికి రాగానే అతనికి ప్రాణం కాస్త కుదుటపడింది. ఇదే మంచి దారి అనిపించింది. పాత డిస్కులు చేతికొస్తాయి, కొత్తవి వాళ్ళ టీవీల కిందికి చేరతాయి, చూసుకున్నవాళ్ళకు అంతా బాగానే కనిపిస్తుంది, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోవలసిన పని లేదు. స్కూటరు సంచిలో డిస్కులు వేసుకుని బయల్దేరాడు. మొదటి ఇంట్లో అదే చెప్పాడు. రెండో ఇంట్లో అదే చెప్పాడు. మూడో ఇంట్లో ఒక ముసలామె అతనికి మజ్జిగ ఇచ్చి, "ఎంత మంచోడివయ్యా నువ్వు, అడక్కుండానే మార్చి ఇస్తా ఉండావే," అంది. అతను ఆ మజ్జిగ సగంలోనే వదిలి లేచాడు.

నాలుగో పేరు మరగతానిది.

ముత్యాల్‌పేటలో ఆమె ఇల్లు సన్నంగా, పొడుగ్గా ఉండేది. ముందు గదిలోనే క్లాసు జరిగేది. పిల్లలు ఆడి ఆడి నునుపెక్కిన ఎర్ర గచ్చు మీద ఇప్పుడు చాప పరిచి ఉంది, చాప మీద ఎండు మిరపకాయలు. మరగతం వాకిట్లోనే కూర్చుని ఉంది. కుడి చేతి మణికట్టుకు గుడ్డ పట్టీ చుట్టుకుని ఉంది.

"ఎవరూ, త్యాగువా? రా అబ్బయ్యా. మా అన్న కూతురి పెండ్లికి నువ్వే గదా వీడియో తీసింది."

"అవునమ్మా." అతను డిస్కు బయటికి తీశాడు. "చేతికేమైంది?"

"ఏమీ కాలా. నరాల డాక్టరు దగ్గరికి పోయినా. నరం బాగుండాది అన్నాడు. అయినా దినామూ పొద్దున్నే తాళం కర్ర తట్టి చూస్తా ఉండా, యాడ లేటవతా ఉండాదా అని. గోడ గడియారం పెట్టుకుని కూడా తట్టి చూసినా. నాకైతే సరిగానే తెలస్తా ఉండాది. ఆ, అది కూడా వయసు చేసే పనే గదా, తప్పు చేస్తా ఉన్నా తెలీదు." ఆమె నవ్వింది. "తట్టి తట్టి చెయ్యి బెణికింది, అంతే. నువ్వు చెప్పినావంట గదా విద్యతో, అలిసిపోయిన చెయ్యి అని. మొదట కోపమొచ్చింది. ఆమీదట డిస్కు వేసుకుని చూసినా. నువ్వు సౌండు తెలిసినోడివి, నువ్వు చెప్తే సరిగానే ఉంటాది అనుకున్నా."

త్యాగరాజన్ వాకిలి మెట్టు మీద కూర్చున్నాడు. డిస్కులు సరి లేవంట అనే మాట నాలుక చివరన తయారుగా ఉంది. మూడిళ్ళలో చెప్పి చెప్పి అలవాటైన మాట. అతను ఆమె పట్టీ వైపు చూశాడు.

"మీ చెయ్యి కాదమ్మా. తప్పు నాది."

"ఏందీ?"

"డిస్కు తప్పు. నేను చేసిందే. మీ తాళం సరిగానే ఉండాది. ఫోను ఫైలు మార్చేటప్పుడు బొమ్మ ముందుకు పోయింది, సౌండు వెనకబడింది. మిషను చెప్పింది నాకు, తేడా ఉండాదని. నేను చూసీ చూడనట్టు పోయినా. విద్యమ్మ వచ్చి అడిగినప్పుడు కూడా..." అతను చేతిలోని డిస్కునే చూస్తూ అన్నాడు. "ఆఖరు దాకా చూసినా అని చెప్పినా. చూడలా. నలుగురి ముందర నా పేరు పోతాదని మీ మీద తోసేసినా."

మరగతం చెయ్యి చాచి డిస్కు అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. వీధిలో బండి మీద ఉప్పు అమ్మేవాడు అరుచుకుంటూ పోయాడు. ఆమె తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి. తిట్లకైతే తల వంచుకుని కూర్చోవచ్చు. ఇప్పుడు ఎటు చూడాలో తెలియలేదు.

"లోపలికొచ్చి వెయ్యి, చూస్తా," అంది చివరికి.

కొత్త డిస్కు వేశాడు. ఆమె నేరుగా తిల్లానాకు పొమ్మనలేదు. మొదటినుంచి చూసింది. ఆమె కుర్చీలో, అతను గచ్చు మీద. పట్టీ కట్టిన చెయ్యి ఆమెకు తెలియకుండానే తొడ మీద కదులుతూ తాళం వేస్తోంది. ఆ చెయ్యీ, టీవీలోని తాళమూ, పాప కాలూ ఒక్కచోట పడుతున్నాయి. రెండు గంటలు అలా కూర్చున్నాడు త్యాగరాజన్. తిల్లానా ముగిసేసరికి ఆమె చెంపలు తడిగా ఉన్నాయి.

"నా చెయ్యి నాకు చెప్తానే ఉండింది," అంది మెల్లగా. "నేను నమ్మలా. నలభై ఏండ్ల చెయ్యిని నమ్మకుండా నీ డిస్కుని నమ్మినా."

"క్షమించమని అడిగేదానికి కూడా నాకు ముఖం లేదమ్మా."

"అడగొద్దు. ఇప్పుడు అడగొద్దు." ఆమె స్వరం గట్టిపడింది. "ఇంకెన్ని ఇండ్లకి పోవాల నువ్వు?"

"ఇరవై ఆరు."

"పోయిన ఇండ్లలో ఏం చెప్పినావు?"

అతను తల ఎత్తలేదు. అయినా చెప్పాడు. "డిస్కు బ్యాచి సరి లేదని చెప్పినా."

"అయితే ఆ ఇండ్లకి కూడా మళ్ళీ పో. నాకు చెప్పింది వాళ్ళకి చెప్పు. డిస్కు మార్చితే చాలదు త్యాగూ. వాళ్ళ నోట్లో పెట్టిన మాట కూడా నువ్వే తియ్యాల."

అతను పోయాడు. ఇంటి తరువాత ఇంటికి, నాలుగు రోజులు తిరిగాడు. ఒకచోట ఇంటాయన పెద్దగా నవ్వి, "సౌండు త్యాగుకే సౌండు తెలీలేదా!" అన్నాడు. ఒకచోట, ఇప్పుడెందుకు తవ్వుతావు, వదిలెయ్యి అన్నారు. ఒక తల్లి తలుపు సగం తెరిచి విని, డిస్కు తీసుకుని, మాట లేకుండా తలుపు వేసేసింది. ఆమె కూడా తన కూతుర్ని మరగతం దగ్గర మాన్పించిందని తరువాత తెలిసింది. మజ్జిగ ఇచ్చిన ముసలామె దగ్గరికి మళ్ళీ వెళ్ళడమే అన్నిటికన్నా కష్టమైంది. ఆమె అంతా విని, "అట్లనా," అని మాత్రం అంది. మంచోడివని ఈసారి అనలేదు.

విల్లియనూరులో విద్య ముందు చెబుతున్నప్పుడు, కీర్తిక స్కూలు బట్టల్లోనే తలుపు దగ్గర నిలబడి వింది.

"నేను చెప్పినా గదా అమ్మా," అంది ఆ పిల్ల. "ఆ పొద్దు టీచరమ్మ తాళం నా కాలి కిందనే ఉండిందని చెప్పినా. మీరు డిస్కు చూడు డిస్కు చూడు అన్నారు."

విద్య ముఖం ఎర్రబడింది. ఆమె త్యాగరాజన్‌ను ఏమీ అనలేదు. అనాలంటే, అతని మాటను మోసుకుపోయి మరగతం ముఖం మీద చెప్పింది తనే. విద్య లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చి, కూతురితో, "పద, ముత్యాల్‌పేటకి పోయొద్దాం," అంది.

వీరాంపట్టినంలో చెంగల్రాయన్ మాత్రం అరిచాడు. పడవల దగ్గర పదిమంది వింటుండగా అరిచాడు. "ఈ మాట నెల ముందర చెప్పి ఉంటే పండగలో ఆమెను కూచోబెట్టి ఉంటాము గదరా! పదైదేండ్ల మర్యాద అది! ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పోయేది ఆమె ఇంటికి?" త్యాగరాజన్ చేతులు కట్టుకుని ఆ అరుపంతా విన్నాడు. విని, "నేను కూడా వస్తా మామా, ఇద్దరం పోదాం," అన్నాడు. వెళ్ళారు కూడా. చెంగల్రాయన్ తాంబూలం పళ్ళెం పెట్టి వచ్చే ఏడాదికి పిలిచాడు. చూద్దాం అని మాత్రమే అంది మరగతం.

అన్నీ మునుపటిలా అయిపోయాయని చెప్పడానికి లేదు. మరగతం దగ్గర మునుపు పాతికమంది పిల్లలుండేవారు. తిరిగి వచ్చింది ఏడుగురు. తక్కినవాళ్ళకు కొత్త గురువులు అలవాటైపోయారు. ఆమె మిరపకాయల చాప ఎత్తేసి గచ్చు కడిగించి, ఆ ఏడుగురితోనే మొదలుపెట్టింది. పట్టీ విప్పేసింది గానీ, పాఠం మధ్యలో ఒక్కోసారి చెయ్యి ఆపి, "ఇప్పుడు లేటైనానా?" అని పిల్లల్ని అడిగేదట. మునుపు ఆమె ఎవరినీ అలా అడిగి ఎరగదు. కీర్తిక ఈ సంగతి విద్యకు చెప్పింది, విద్య త్యాగరాజన్‌కు చెప్పింది. ఆ ఒక్క మాట అతన్ని చెంగల్రాయన్ అరుపులకన్నా ఎక్కువగా కోసింది.

కొట్లో ఇప్పుడు అతను ఏ ఫైలు మార్చినా ఆఖరు దాకా చూసిగానీ ఇవ్వడు. రెండు గంటలదైతే రెండు గంటలూ. అంత ఆలస్యం ఓర్చుకోలేనివాళ్ళు వేరే కొట్లకు పోతున్నారు, పోనీ అంటాడు. వీధిలో ఎవరైనా పాత అలవాటుగా సౌండు త్యాగూ అని పిలిస్తే, వెనక్కి తిరగకుండా ఇంకాస్త వేగంగా నడుస్తాడు. కోమల ఒకసారి, "ఊరంతా తిరిగి చెప్పుకున్నావు గదా, ఇంకా ఎందుకయ్యా ఇట్లా కుంగిపోతావు?" అంది.

"చెప్పింది నిజమే," అన్నాడు. "ఆ పొద్దు మరగతమ్మ ముఖం చూసినాకనే గదా చెప్పినా. చూడకపోయి ఉంటే ఆ నాలుగో ఇంట్లో కూడా డిస్కు బ్యాచి సరి లేదనే చెప్పి వచ్చి ఉంటా. అది నాకు తెలుసు కోమలా."

కోమల అతని పక్కన కూర్చుని, క్యారియరు మూత తీసి, అన్నం వడ్డించింది.